ఈల ఒక్కటే కాదు
వ్యాయామ విద్య, ఫిజియోథెరపీ, స్పోర్ట్స్‌ సైన్స్‌... బోర్డు మీద పేరు ఏదైనా లోపల చదివేది శరీరపు కదలికనే. ఆ పట్టాతో ఇప్పుడు బడికే కాదు, ల్యాబుకీ కర్మాగారానికీ క్రికెట్‌ డ్రెస్సింగ్‌ రూమ్‌కీ వెళ్లవచ్చు. కానీ దానికి ఎవరు ఎంత విలువ కట్టాలన్నదే ఇంకా తేలలేదు

చెన్నై పోరూరులోని శ్రీరామచంద్ర విశ్వవిద్యాలయం. స్పోర్ట్స్‌ సైన్స్‌ కేంద్రంలో ఓ పెద్ద హాలు. చుట్టూ ఇన్‌ఫ్రారెడ్‌ కెమెరాలు. చొక్కా విప్పి నిలబడిన బౌలర్‌ భుజం మీదా మోచేతి మీదా మణికట్టు మీదా కాంతిని తిప్పికొట్టే గోళీల్లాంటి గుండ్లు అతికించి ఉంటాయి. మైదానంలో వేసినట్టే పరిగెత్తుకొచ్చి బంతి వేస్తాడు. కంప్యూటర్‌ తెర మీద మాత్రం మనిషి కనిపించడు. చుక్కలు, వాటిని కలిపే గీతలే. చెయ్యి భుజం ఎత్తుకు వచ్చిన క్షణం నుంచి బంతి వేళ్లను వదిలే క్షణం దాకా మోచెయ్యి ఎన్ని డిగ్రీలు నిటారైందో ఆ గీతలే చెబుతాయి. 15 డిగ్రీల లోపు ఉంటే అది బౌలింగ్‌. దాటితే విసురుడు.

ఈ కేంద్రానికి అంతర్జాతీయ క్రికెట్‌ మండలి 2014లో గుర్తింపు ఇచ్చింది. వెస్టిండీస్‌ స్పిన్నర్‌ సునీల్‌ నరైన్‌, పాకిస్తాన్‌ ఆల్‌రౌండర్‌ మహమ్మద్‌ హఫీజ్‌ 2015లో ఇక్కడికే వచ్చి చెయ్యి తిప్పి చూపించాల్సి వచ్చింది. అంపైర్‌ కంటికి అందని తేడా అది. ఆ తేడాను కొలిచేవారు మాజీ క్రికెటర్లు కారు, డాక్టర్లే కానక్కర్లేదు. ఎముకలు, కీళ్లు, కండరాలు కలిసి ఓ కదలికను ఎలా పుట్టిస్తాయో చదువుకున్నవారు. కోట్ల రూపాయల కాంట్రాక్టు ఉన్న ఆటగాడి భవిష్యత్తు వాళ్లు రాసే నివేదిక మీద ఆధారపడి ఉంటుంది.

అసలు ఆ 15 అంకె పుట్టుకే ఇలాంటి ల్యాబుల చలవ. శ్రీలంక స్పిన్నర్‌ ముత్తయ్య మురళీధరన్‌ మోచెయ్యి పుట్టుకతోనే పూర్తిగా చాపుకోదు. 1995లో మెల్‌బోర్న్‌ టెస్టులో అంపైర్‌ డారెల్‌ హెయిర్‌ వరుసగా నోబాల్స్‌ ప్రకటించినప్పుడు అది కంటికీ కంటికీ మధ్య తగవు. పెర్త్‌లోని వెస్ట్రన్‌ ఆస్ట్రేలియా విశ్వవిద్యాలయం బయోమెకానిక్స్‌ నిపుణులు కెమెరాలు పెట్టి కొలవడం మొదలుపెట్టాక వాదన తీరు మారింది. అప్పటిదాకా స్పిన్నర్లకు 5 డిగ్రీలు, ఫాస్ట్‌ బౌలర్లకు 10 డిగ్రీలు అన్న నిబంధన ఉండేది. సక్రమమైన బౌలింగ్‌ అని అందరూ మెచ్చుకున్న చాలామంది చేతులూ ఆ గీత దాటుతున్నాయని కొలతల్లో తేలడంతో, 2005 నుంచి అందరికీ ఒకటే 15 డిగ్రీల హద్దు వచ్చింది. మురళీధరన్‌ 2010లో 800 టెస్టు వికెట్లతో రిటైరయ్యాడు. ఆ 800లో ల్యాబుకోటు వేసుకున్నవాళ్ల వాటా ఎంతో ఎవరూ లెక్క కట్టలేదు.

ఒకే పాఠం, మూడు ఇళ్లు

ఉత్తర అమెరికాలో ఈ చదువును కైనీసియాలజీ అంటారు. గ్రీకులో కైనెసిస్‌ అంటే కదలిక. అక్కడ కూడా మొదట ఇది వ్యాయామ విద్యే. అమెరికాలో 1963లో విద్యావేత్త జేమ్స్‌ కోనెంట్‌ ఉపాధ్యాయ శిక్షణపై రాసిన పుస్తకంలో వ్యాయామ విద్యలో పీజీ కోర్సులు దండగన్నట్టు మాట్లాడాడు. మరుసటేడే బర్కిలీ ప్రొఫెసర్‌ ఫ్రాంక్లిన్‌ హెన్రీ జవాబు చెప్పాడు. బడిలో ఆటలు నేర్పడం వేరు, మనిషి కదలికను శాస్త్రంగా చదవడం వేరు, రెండోది సొంత కాళ్లపై నిలబడగల విద్య అని. 1967లో కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయం కైనీసియాలజీ పేరుతోనే విభాగం తెరిచింది. 1989లో అమెరికా వ్యాయామ విద్యా అకాడమీ ఈ పేరే వాడాలని సిఫార్సు చేశాక అక్కడి విభాగాల బోర్డులు ఒక్కొక్కటిగా మారిపోయాయి.

మన దేశంలో బోర్డు మారలేదు. పాఠం మాత్రం వచ్చింది. వ్యాయామోపాధ్యాయుడు కావాలని బీపీఈడీ చదివేవారికీ కైనీసియాలజీ, బయోమెకానిక్స్‌ పేపరు ఉంటుంది. ఫిజియోథెరపిస్టు కావాలని బీపీటీ చదివేవారికీ ఉంటుంది. పాటియాలాలో కోచింగ్‌ డిప్లొమా చేసేవారూ అదే పాఠం చదువుతారు. కానీ మొదటివారి బాధ్యత విద్యాశాఖది, రెండోవారిది ఆరోగ్యశాఖది, మూడోవారిది క్రీడలశాఖది. ఒక్క మోకాలి గురించి మూడు శాఖలు మూడు గదుల్లో పాఠం చెబుతాయి. ఒకరి పట్టా మరొకరికి చెల్లదు.

గడప దగ్గరే తేడా మొదలవుతుంది. ఇంటర్లో బైపీసీ చదివి ఎంబీబీఎస్‌, బీడీఎస్‌ సీట్లు చేజారినవారు బీపీటీ వైపు చూస్తారు. వాళ్లకు శవాన్ని కోసి కండరాలు చూపిస్తారు కానీ మైదానం చూపించేవారు తక్కువ. బీపీఈడీలో చేరేవారు మైదానంలోనే పుట్టిపెరిగినవారు. జిల్లాస్థాయిలోనో రాష్ట్రస్థాయిలోనో ఆడి వచ్చినవారు. వారికి అనాటమీ రెండేళ్ల కోర్సులో ఓ పేపరు. గాయపడిన ఆటగాడికి ఈ ఇద్దరూ కావాలి. ఇద్దరూ ఒకచోట దొరకడం ఇటీవలి దాకా అరుదు.

బక్‌ దొర వేసిన బాట

1920లో అమెరికన్‌ హ్యారీ క్రో బక్‌ మద్రాసులో వైఎంసీఏ వ్యాయామ విద్యా కళాశాల పెట్టినప్పుడు ఆసియాలో అలాంటిది మరొకటి లేదు. తెలుగు జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో భాగంగా ఉన్న ఆ రోజుల్లో వ్యాయామోపాధ్యాయులు కావాలనుకున్నవారికి మద్రాసే దారి. నాలుగేళ్ల తర్వాత, 1924లో స్వామి కువలయానంద లోనావలాలో కైవల్యధామ స్థాపించి యోగాసనాల ప్రభావాన్ని ప్రయోగశాల పరికరాలతో కొలవడం మొదలుపెట్టారు. యోగాను ఎక్స్‌రేతో పరీక్షించడం అప్పట్లో విడ్డూరమే. స్వాతంత్ర్యం వచ్చాక 1857 తిరుగుబాటుకు వందేళ్లు నిండిన సందర్భంగా 1957లో గ్వాలియర్‌లో లక్ష్మీబాయి పేరిట జాతీయ వ్యాయామ విద్యా కళాశాల వచ్చింది. 1961లో పాటియాలా మహారాజు మోతీబాగ్‌ ప్యాలెస్‌లో జాతీయ క్రీడా సంస్థ మొదలైంది. గ్వాలియర్‌ టీచర్లను తయారు చేయాలి, పాటియాలా కోచ్‌లను తయారు చేయాలి. స్థూలంగా అదీ పని విభజన. ఆటగాడి ఊపిరినీ కండరాన్నీ కొలిచే మూడో మనిషి ఆ ప్రణాళికలో అంత ప్రముఖంగా లేడు.

దాంతో దశాబ్దాల పాటు ఈ చదువుకు ఒక్కటే గమ్యం. బడి. డ్రిల్లు మాస్టారు, పీఈటీ సారు, పీడీ సారు... పేరు మారినా పని ఒకటే. పొద్దున ప్రార్థనకు వరసలు కట్టించాలి. ఆగస్టు 15కు మార్చ్‌పాస్ట్‌ చేయించాలి. ఆలస్యంగా వచ్చినవాళ్లను గేటు దగ్గర ఆపాలి. మిగిలిన సమయంలో ఆటలు. అదీ లెక్కల మాస్టారు సిలబస్‌ కాలేదంటూ గేమ్స్‌ పీరియడ్‌ లాక్కోకపోతే. పదో తరగతి పరీక్షలు దగ్గరపడితే గ్రౌండు వైపు వెళ్లే దారే మూసుకుపోతుంది.

ఆ దారి కూడా ఇరుకే. తెలంగాణలో 2024 డీఎస్సీ మొత్తం 11,062 పోస్టులతో వచ్చింది. అందులో పీఈటీలు 182. స్కూల్‌ అసిస్టెంట్‌ హోదాలో వ్యాయామ విద్యకు ఇంకొన్ని ఉన్నా, ఏటేటా కాలేజీల నుంచి బయటికొచ్చేవారితో పోలిస్తే ఇవి సముద్రంలో చెంబెడు నీళ్లు. ఆంధ్రప్రదేశ్‌లో 2025 మెగా డీఎస్సీలో మొత్తం 16,347 పోస్టులు ఉంటే పీఈటీ హోదాలో ఉన్నవి 132. అక్కడా స్కూల్‌ అసిస్టెంట్లు విడిగా ఉన్నారు. ఇక 2009 విద్యాహక్కు చట్టం ఆరు నుంచి ఎనిమిది తరగతులున్న బడిలో పిల్లలు వంద దాటితే వ్యాయామ విద్యకు బోధకుడు ఉండాలంది. అయితే ఆ బోధకుడి ముందు పార్ట్‌టైమ్‌ అన్న మాట కూడా చేర్చింది. బొమ్మలు వేయడం నేర్పేవారినీ చేతిపనులు నేర్పేవారినీ అదే గాటన కట్టింది. పిల్లల ఎముకలు గట్టిపడే వయసులో వారికి వ్యాయామం నేర్పే పనిని చట్టమే సగం ఉద్యోగంగా చూస్తే, జిల్లా విద్యాశాఖను తప్పుపట్టి లాభం లేదు.

అలాగని ఆ ఉద్యోగాన్ని తీసిపారేయడానికీ లేదు. వరంగల్‌ జిల్లా కల్లెడలో కూలిపని చేసుకునే దంపతుల కూతురు దీప్తి జీవాంజి పుట్టుకతోనే మేధోపరమైన వైకల్యంతో ఉంది. ఊళ్లో వెక్కిరింతలకు లోటు లేదు. ఆ పిల్ల పరుగులో ఏదో ఉందని మొదట పసిగట్టింది బడిలోని వ్యాయామోపాధ్యాయుడే. తర్వాత హైదరాబాద్‌లో స్పోర్ట్స్‌ అథారిటీ కోచ్‌ నాగపురి రమేశ్‌ చేతిలో పడింది. 2016లో ద్రోణాచార్య అవార్డు అందుకున్న రమేశ్‌ది కూడా వరంగల్‌ ప్రాంతమే. 2024 మే నెలలో జపాన్‌లోని కోబేలో 400 మీటర్లను 55.07 సెకన్లలో ముగించి తన విభాగంలో ప్రపంచ రికార్డుతో బంగారు పతకం, ఆ సెప్టెంబరులో పారిస్‌ పారాలింపిక్స్‌లో కాంస్యం. పిల్ల పాదం నేలను తాకే తీరు చూసి ఆగిపోయిన ఓ పీఈటీ ఆ బడిలో లేకపోతే ఈ కథ మొదలయ్యేదే కాదు. ఈ పనికి డీఎస్సీలో మార్కులు లేవు.

మంత్రసంచి మోసేవారు

క్రికెట్‌ మార్చినంతగా మరేదీ ఈ చదువు తలరాతను మార్చలేదు. ఒకప్పుడు భారత జట్టులో ఫిజియో అంటే దెబ్బ తగిలినప్పుడు సంచి పట్టుకుని మైదానంలోకి పరిగెత్తే మనిషి. స్ప్రే కొట్టి, కట్టు కట్టి వెనక్కి వస్తాడు. ఆలీ ఇరానీ ఏళ్ల తరబడి ఆ సంచి మోశారు. 1999లో ఆస్ట్రేలియన్‌ ఆండ్రూ లైపస్‌ వచ్చాక, ఆ తర్వాత దక్షిణాఫ్రికాకు చెందిన ట్రెయినర్‌ ఏడ్రియన్‌ లె రూ తోడయ్యాక పని దెబ్బ తగలకముందే మొదలవసాగింది. ఎవరి నడుము ఎంత వంగుతుంది, ఏ బౌలర్‌ వారానికి ఎన్ని బంతులు వేస్తున్నాడు వంటివి పుస్తకంలోకి ఎక్కాయి. 2003 ప్రపంచకప్‌ ఫైనల్‌ దాకా వెళ్లిన జట్టు మునుపటికన్నా చురుగ్గా పరిగెత్తిందని అందరూ గమనించారు. కారణం అడిగితే చాలామంది సౌరవ్‌ గంగూలీ పేరో జాన్‌ రైట్‌ పేరో చెప్పారు.

ఆ రోజుల్లో ఈ పనికి మనవాళ్లు లేరా అన్న ప్రశ్న తరచూ వినిపించేది. ఎనిమిదేళ్లు తిరిగేసరికి జవాబు దొరికింది. 2011లో ప్రపంచకప్‌ గెలిచిన జట్టుకు ఫిజియో నితిన్‌ పటేల్‌, ట్రెయినర్‌ రాంజీ శ్రీనివాసన్‌. ఇద్దరూ భారతీయులే. మరో ఆరేళ్లకు ట్రెయినర్‌ శంకర్‌ బసు హయాంలో యోయో పరీక్ష వచ్చి డ్రెస్సింగ్‌ రూమ్‌లో గుబులు పుట్టించింది. డెన్మార్క్‌ శాస్త్రవేత్త యెన్స్‌ బాంగ్స్‌బో రూపొందించిన ఈ పరీక్షలో బీప్‌ శబ్దానికి అనుగుణంగా 20 మీటర్లు వెళ్లి, 20 మీటర్లు వెనక్కి రావాలి. పది సెకన్ల విరామం. మళ్లీ పరుగు. వేగం పెరుగుతూ పోతుంది. అప్పట్లో భారత జట్టులో పాస్‌ మార్కు 16.1గా ఉండేది.

2018 జూన్‌లో ఆ మార్కు అంబటి రాయుడి దగ్గర ఆగింది. ఆ ఏడాది ఐపీఎల్‌లో చెన్నై తరఫున దంచికొట్టి ఇంగ్లండ్‌ వన్డే సిరీస్‌కు ఎంపికైన రాయుడు యోయోలో తప్పడంతో సురేశ్‌ రైనా విమానమెక్కాడు. బ్యాటింగ్‌ బాగా చేసేవాడికి పరుగు పరీక్ష ఏమిటని ఇక్కడి అభిమానులు గొడవపెట్టారు. కోపం తెప్పించినా ఆ ప్రశ్న న్యాయమైనదే. ఫుట్‌బాల్‌ లాంటి ఆటల కోసం పుట్టిన పరీక్ష ఓ బ్యాట్స్‌మన్‌ అర్హతను ఎంతవరకు చెబుతుంది? దానికి సమాధానం ఇవ్వగలిగేదీ, ఇవ్వాల్సిందీ మళ్లీ ఈ శాస్త్రం చదివినవాళ్లే. ఎక్కువ జట్లలో మార్కు వేసేవాళ్లు ఉన్నారు కానీ, పరీక్షనే పరీక్షించే తీరిక ఎవరికీ ఉన్నట్టు లేదు. రాయుడు ఆ సెప్టెంబరులో ఆసియా కప్‌తో తిరిగొచ్చాడు.

ఇప్పుడు ఒక్కో ఐపీఎల్‌ జట్టు వెంట ఫిజియోలు, స్ట్రెంత్‌ కోచ్‌లు, మసాజ్‌ చేసేవారు, వీడియో విశ్లేషకులు కలిసి చిన్న ఊరేగింపే కదులుతుంది. 2024లో బెంగళూరులో బీసీసీఐ తెరిచిన సెంటర్‌ ఆఫ్‌ ఎక్సలెన్స్‌ ప్రధానంగా ఇలాంటివారి కార్యక్షేత్రం. ఫాస్ట్‌ బౌలర్‌ వెన్ను గాయం నుంచి ఎప్పుడు తిరిగొస్తాడన్నది సెలెక్టర్లు కాదు, వీళ్లు చెప్పాలి. హైదరాబాద్‌ బ్యాడ్మింటన్‌లోనూ అదే తంతు. 1994లో మోకాలి స్నాయువు తెగి, శస్త్రచికిత్సలు చేయించుకుని, 2001లో ఆల్‌ ఇంగ్లండ్‌ గెలిచిన పుల్లెల గోపీచంద్‌కు ఈ చదువు విలువ మరొకరు చెప్పాల్సిన పని లేదు. 2008లో గచ్చిబౌలిలో ఆయన అకాడమీ తెరుచుకున్నాక కోర్టులతో పాటు ఫిజియో గది కూడా ఆటగాళ్ల దినచర్యలో భాగమైంది.

బంగారం వెనక జర్మన్‌

2021 ఆగస్టు 7న టోక్యోలో నీరజ్‌ చోప్రా జావెలిన్‌ను 87.58 మీటర్లు విసిరినప్పుడు స్టాండ్స్‌లో ఉన్న కోచ్‌ క్లౌస్‌ బార్టోనియెట్స్‌. జర్మనీకి చెందిన ఆయన అసలు వృత్తి బయోమెకానిక్స్‌. 2019లో మోచేతి శస్త్రచికిత్స తర్వాత నీరజ్‌ ఆయన చేతికి వచ్చాడు. జావెలిన్‌ విసిరేవాడి మోచెయ్యి, భుజం, గజ్జ ఎంత ఒత్తిడి తట్టుకుంటాయో లెక్క తెలిసినవాడు కోచ్‌ కావడం యాదృచ్ఛికం కాదు. అంతకుముందు కోచ్‌ యూవె హోన్‌ 1984లో 104.80 మీటర్లు విసిరిన ఏకైక మానవుడు. అంత గొప్ప విసురు విసిరినవాడి తర్వాత విసురును విడమర్చి చదివినవాడు వచ్చాడన్నమాట.

గ్వాలియర్‌, పాటియాలా పెట్టి 60 ఏళ్లు దాటిన దేశంలో ఆ స్థానంలో భారతీయుడు ఎందుకు లేడు? తెలివి లేక కాదు. ఇక్కడ ఈ నిపుణులకు స్థిరమైన కొలువు లేదు. 2014లో ఒలింపిక్‌ పోడియం పథకం వచ్చాక డబ్బు పెరిగింది. 2022లో స్పోర్ట్స్‌ అథారిటీ హై పర్ఫార్మెన్స్‌ అనలిస్టులన్న కొత్త హోదాతో ఫిజియోథెరపిస్టులకు, ఫిజియాలజిస్టులకు, బయోమెకానిక్స్‌ నిపుణులకు, సైకాలజిస్టులకు ప్రకటన ఇచ్చింది. కాంట్రాక్టు పద్ధతిన. ఓ అథ్లెట్‌ పెద్ద పతకం దాకా ఎదగడానికి ఎనిమిదేళ్లో పదేళ్లో పడుతుంది. ఆ అథ్లెట్‌ శరీరం గురించి అన్నీ తెలిసిన మనిషి కాంట్రాక్టు ముగిస్తే సమాచారం అంతా ఆయనతోనే వెళ్లిపోతుంది. కొత్తవారు మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాలి.

చదువు నేర్పే చోట్లు మాత్రం పెరుగుతున్నాయి. తమిళనాడులో, గుజరాత్‌లో క్రీడా విశ్వవిద్యాలయాలు వచ్చాయి. మణిపుర్‌ జాతీయ క్రీడా విశ్వవిద్యాలయానికి 2018లో పార్లమెంటు చట్టం చేసింది. ఢిల్లీ క్రీడా విశ్వవిద్యాలయానికి 2021లో తొలి వైస్‌చాన్సలర్‌గా శ్రీకాకుళం జిల్లా నుంచి వెళ్లి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరిని నియమించారు. బరువులెత్తిన చేతికి విశ్వవిద్యాలయం పగ్గాలు ఇవ్వడం బాగుంది. అక్కడి నుంచి బయటికొచ్చేవారికి ఏ ఊళ్లో ఏ కుర్చీ ఉందో చెప్పగలిగితే ఇంకా బాగుండేది.

అమ్మ భుజం నొప్పి

మైదానం బయట ఈ చదువుకు ఉన్న గిరాకీ గురించి కాలేజీల్లో చెప్పేది తక్కువ. రక్షణ పరిశోధన సంస్థకు ఢిల్లీలో దీపాస్‌ అనే ప్రయోగశాల ఉంది. మంచుకొండల్లో సైనికుడు ఎంత బరువు మోయగలడు, వీపుసంచి పట్టీ ఎక్కడ ఉంటే అలసట తగ్గుతుందన్నది దాని పరిశోధనల్లో ఒకటి. అహ్మదాబాద్‌లోని జాతీయ డిజైన్‌ సంస్థ 1997లో భారతీయుల శరీర కొలతలతో ఓ గ్రంథం ప్రచురించింది. అప్పటిదాకా మన బస్సు సీట్లూ బెంచీలూ కొలత లేకుండానో, ఎవరో విదేశీయుడి కొలతతోనో తయారయ్యేవి. 2020లో కేంద్రం బడిసంచి బరువు పిల్లల బరువులో పదో వంతు దాటకూడదని విధానం ప్రకటించింది. ఆ పదో వంతు కూడా గాల్లోంచి ఊడిపడలేదు. వెన్నెముక మీద భారాన్ని కొలిచిన పరిశోధనల్లోంచే వచ్చింది.

హైటెక్‌ సిటీలో మెడనొప్పి, నడుంనొప్పి ఇప్పుడు కాఫీ మెషీన్‌ అంత మామూలు. కుర్చీ ఎత్తు, తెర దూరం సరిచేయడానికి పెద్ద కంపెనీలు ఎర్గానమిక్స్‌ నిపుణులను పిలిపిస్తున్నాయి. గుండె ఆపరేషన్‌ అయినవారిని మెల్లగా నడిపించే కేంద్రాలు, పక్షవాతం తర్వాత చేతికి పని నేర్పే కేంద్రాలు, మోకాళ్లు మార్పించుకున్న పెద్దవారి ఇళ్లకు వెళ్లి వ్యాయామం చేయించే సేవలు... హైదరాబాద్‌, విజయవాడ, విశాఖల్లో బీపీటీ చదివినవారికి ఇప్పుడు క్రికెట్‌ కన్నా ఇవే ఎక్కువ అన్నం పెడుతున్నాయి. పిల్లలు విదేశాల్లో, తల్లిదండ్రులు ఇక్కడ ఉన్న ఇళ్లల్లో ఫిజియో వారానికి మూడుసార్లు వచ్చే చుట్టం.

అయితే కదలికను కొలిచి, దానిలోని బాధను తీసేసినవాళ్లలో తెలుగు నేల మీద అందరికన్నా పేరున్న మనిషికి ఈ డిగ్రీ లేదు. ఆ మాటకొస్తే ఏ డిగ్రీ లేదు. యాదాద్రి జిల్లా ఆలేరు దగ్గరి చింతకింది మల్లేశం బడి మధ్యలోనే మానేశాడు. పోచంపల్లి చీర నేయడానికి ముందు ఆసు పోయాలి. ఓ చీరకు చెయ్యి దాదాపు 9 వేల సార్లు అటూ ఇటూ ఆడాలి. మల్లేశం తల్లి లక్ష్మి భుజం ఆ పనితో అరిగిపోయింది. ఇక చేయలేనని ఆమె అంటుంటే ఆ చేతి కదలికను ముక్కలు ముక్కలుగా గమనించి, ఏళ్ల తరబడి తంటాలు పడి 1999లో ఆ పని చేసే యంత్రం తయారుచేశాడు. దానికి తల్లి పేరే పెట్టాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆయన కథతో 2019లో సినిమా వచ్చింది. గుంటమగ్గం మీద కూచునే నేతగాళ్ల మోకాళ్లు, బీడీలు చుట్టేవారి వేళ్లు, నాట్లు వేసే ఆడవాళ్ల నడుములు ఇంకా మరో మల్లేశం కోసం ఎదురుచూస్తున్నాయి. ఏటా పట్టాలు పుచ్చుకునే వందల మందిలో ఎవరికైనా ఆ పని మీద జీతం ఇచ్చే సంస్థ వెతికితే తప్ప దొరకదు.

ఇక జిమ్ములు. బీపీఈడీ చేసి డీఎస్సీ కోసం ఎదురుచూస్తున్న కుర్రాళ్లకు కూకట్‌పల్లిలోనో బెంజ్‌ సర్కిల్‌లోనో జిమ్ము ట్రెయినర్‌ ఉద్యోగం తేలిగ్గా దొరికే మొదటి మెట్టు. చిక్కేమిటంటే, పక్కనే కొన్ని వారాల సర్టిఫికెట్‌తో వచ్చినవాడూ అదే టీషర్టు వేసుకుంటాడు. కండలు వాడివే పెద్దవి కావచ్చు కూడా. జిమ్ములో మంగలి దుకాణంలో ఉన్నంత స్వేచ్ఛ ఉంది. ఎవరైనా ఎవరి వెన్నుపూస మీదైనా బరువు పెట్టొచ్చు. 2020 మార్చిలో కరోనాతో మూతపడి ఆగస్టు 5 నుంచి గానీ తెరుచుకోవడానికి అనుమతి దొరకని ఆ నాలుగున్నర నెలల్లో ట్రెయినర్లు చాలామంది రోడ్డున పడ్డారు. ఫోన్లలో పాఠాలు చెప్పి బతికినవారు కొందరు. నమోదు చేసుకోవడానికి ఓ వృత్తి మండలే లేనివాళ్ల నష్టాన్ని లెక్కించడానికి ఎవరూ ముందుకు రాలేదు.

డాక్టరా, కాదా?

ఫిజియోథెరపిస్టులకు మాత్రం 2021లో ఓ ఇల్లు దొరికింది. ఆ ఏడాది పార్లమెంటు ఆమోదించిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్‌ చట్టం వారిని ప్రత్యేక విభాగంగా గుర్తించింది. దాంతోపాటే తగాదా కూడా వచ్చింది. 2025 ఏప్రిల్‌లో విడుదలైన కొత్త పాఠ్యప్రణాళిక ఫిజియోథెరపిస్టులు పేరు ముందు డాక్టర్‌ అని, వెనక పీటీ అని రాసుకోవచ్చంది. సెప్టెంబరులో కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్‌ అలా రాసుకోవద్దని లేఖ రాసింది. దుమారం రేగడంతో వెంటనే దాన్ని వెనక్కి తీసుకుని, మళ్లీ పరిశీలిస్తామంది. రెండూ ఒకే ఆరోగ్యశాఖ కింద ఉన్నవే.

రెండక్షరాల కోసం ఇంత రగడ ఎందుకని నవ్వుకోవచ్చు. కానీ పెళ్లిచూపుల దగ్గర నుంచి ఆసుపత్రి జీతాల దాకా మన దగ్గర ఆ రెండక్షరాలే లెక్క. రోగిని నేరుగా చూడవచ్చా, లేక ఆర్థోపెడిక్‌ డాక్టర్‌ చీటీ రాస్తేనే చూడాలా అన్న అసలు ప్రశ్న దాని వెనకే దాగుంది. డాక్టర్ల సంఘాల భయమూ అర్థం లేనిది కాదు. పల్లెల్లో నడుంనొప్పి వెనక ఉన్న క్షయనో కేన్సర్‌నో గుర్తించలేక కరెంటు పెడుతూ కూర్చుంటే ప్రమాదం రోగికే. అయితే ఆ భయానికి మందు శిక్షణను గట్టి చేయడం. పేరు ముందు చుక్క చెరిపేస్తే ఆ రోగం నయం కాదు.

కెనడాలో ఒంటారియో ఈ ముడి మరోలా విప్పింది. అక్కడ 2007లో కైనీసియాలజీకే ఓ చట్టం చేశారు. 2013 ఏప్రిల్‌ 1 నుంచి నమోదైనవారు తప్ప మరెవరూ కైనీసియాలజిస్టు అని చెప్పుకోకూడదు. ఈ వృత్తికి అలా చట్టబద్ధమైన హోదా ఇచ్చిన మొదటి ప్రాంతం అదే. టొరంటో చుట్టుపక్కల స్థిరపడిన మన బీపీటీ పట్టభద్రుల్లో కొందరు, అక్కడి ఫిజియోథెరపీ పరీక్షలు నెగ్గేలోపు ఈ గుమ్మం గుండా లోపలికి వెళ్తున్నారు. అమెరికాలో పరిస్థితి వేరు. అక్కడ ఫిజియో కావాలంటే డాక్టరేట్‌ స్థాయి కోర్సు చేయాలి. కైనీసియాలజీ డిగ్రీని చాలామంది దానికి తొలిమెట్టుగానే చూస్తారు. ఇక్కడి నుంచి ఎంఎస్‌ కైనీసియాలజీకి వెళ్లేవారు ఆ తేడా తెలుసుకుని విమానం ఎక్కడం మంచిది. చదువు పూర్తయ్యాక తెలుసుకున్నవారు ట్రెయినర్‌గానో పరిశోధక సహాయకుడిగానో మిగిలిపోవాల్సి వస్తుంది.

మన దగ్గర బీపీఈడీ, డీపీఈడీ సీట్ల కోసం ఏటా జరిగే పీఈసెట్‌కు రాతపరీక్ష ఉండదు. పొద్దున్నే గ్రౌండుకు వెళ్లాలి. ఎత్తు, బరువు చూస్తారు. పరిగెత్తాలి, గుండు విసరాలి, దూకాలి, వచ్చిన ఆటలో నైపుణ్యం చూపాలి. స్టాప్‌వాచ్‌ పట్టుకుని గీత దగ్గర నిలబడిన ఉద్యోగి సెకన్లు రాసుకుంటాడు. ఆ పిల్లవాడి మోకాలు ఎంత వంగింది, పాదం ఏ కోణంలో నేలను తాకింది అన్నవాటికి ఆ కాగితంలో గడి లేదు. అవి రెండేళ్ల కోర్సులో ఓ పేపరుగా తర్వాత వస్తాయి.